దుఃఖం, మానని గాయం: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

హనుమకొండలో కౌన్సెలర్‌గా కూర్చుంటాను. భూపాలపల్లి, జగిత్యాల, సిరిసిల్ల, మహబూబాబాద్ వైపు నుంచి మనుషులు వస్తారు. ఊళ్లు వేరు, జరిగినవి వేరు, అడిగేవి మాత్రం దాదాపు ఇవే. పొద్దున ఒకరికి చెప్పిందే సాయంత్రం ఇంకొకరికి ఫోన్‌లో చెబుతుంటాను. అందుకే ఒకచోట రాసి పెట్టాను. ప్రశ్నలు అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాను, గుర్తుపట్టే వివరాలు మాత్రం తీసేశాను. మొత్తం చదవనక్కర్లేదు. మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్లండి.

ఇక్కడ గాయం అంటే డాక్టర్లు ట్రామా అనే దెబ్బ. ప్రాణం మీదికి వచ్చిన సంఘటనో, ఏళ్లపాటు పడిన హింసో మనిషి లోపల వదిలిపోయేది.

## మొదటి రోజులు

తమ్ముడు పోయి మూడు రోజులైంది. నాకు ఏడుపొస్తలేదు. నాది రాతిగుండెనా?

కాదు. పిడుగులా పడ్డ వార్తను మనసు ఒక్కసారిగా లోపలికి తీసుకోలేదు, కొంచెం కొంచెంగా రానిస్తుంది. అందరికీ ఫోన్లు చేసింది, పాడెకు కట్టెలు తెప్పించింది, వచ్చినవాళ్లకు చాయ పోయించింది మీరే అయితే, మీ వంతు ఏడుపు దినాలయ్యాక, చుట్టాలంతా బస్సెక్కాక రావచ్చు. ఆరు నెలలకు, ఏ కిరాణా దుకాణంలోనో తమ్ముడు తాగే బీడీకట్ట చూసినప్పుడు కూడా రావచ్చు. మన దగ్గర శవాన్ని మోసుకుపోతూ దింపుడుకల్లం దగ్గర కిందికి దింపి, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. లేవడని తెలిసే పిలుస్తారు. చావును నమ్మడానికి బతికున్నవాళ్లకు టైం కావాలని మన పెద్దలకు ఎప్పుడో తెలుసు.

ఆక్సిడెంట్ నా కండ్ల ముందటే అయింది. కండ్లు మూస్తే అదే కనబడుతుంది. నాకు పిచ్చి లేస్తదా?

పిచ్చి కాదు. ప్రమాదం అయిపోయిందన్న కబురు ఒంటికి ఇంకా అందలేదు. గుండె దడదడ, హారన్ వింటే ఉలిక్కిపడటం, నిద్రలో అరవడం మొదటి వారాల్లో చాలామందికి ఉంటాయి, చాలామందికి వాటంతట అవే తగ్గుతాయి. నెల దాటినా అంతే గట్టిగా ఉండి, పనికి పోనివ్వకపోతే డాక్టర్లు పీటీఎస్‌డీ అంటారు, అంటే గాయం తర్వాత వదలకుండా మిగిలే ఒత్తిడి జబ్బు. దానికి మంచి చికిత్స ఉంది.

ఆ దృశ్యం ముంచుకొచ్చినప్పుడు పాదాలు రెండూ నేలకు ఆనించండి. చల్లటి నీళ్లతో మొహం కడుక్కోండి. ఎదురుగా కనిపించే ఐదు వస్తువుల పేర్లు బయటికి చెప్పండి: తలుపు, బిందె, క్యాలెండర్, ఏదైనా సరే. ఇప్పుడు ఇంట్లో ఉన్నానని ఒంటికి చెప్పే పద్ధతి ఇది. ఇంకొక మాట, చాలా గట్టిగా చెబుతున్నాను: ప్రమాదం వీడియోలు వాట్సాప్‌లో వస్తే తెరవొద్దు, ఎవరికీ పంపొద్దు. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా పోయారు. అంత పెద్ద చావైనా, ఒక్క మనిషి చావైనా, ఎవరో ఫోన్‌లో తిప్పే ఆ ఫొటో ఒక తల్లి జీవితాంతం మోయాల్సిన బొమ్మ అవుతుంది.

నిద్ర పట్టడానికి మందుల దుకాణంలో గోలీలు తెచ్చుకోవచ్చా?

మీ అంతట మీరు వద్దు. ఆప్తులు పోయి దుఃఖంలో ఉన్న పెద్దవాళ్లకు, వేరే మానసిక జబ్బు లేకుంటే, బెంజోడయాజిపైన్ రకం నిద్రగోలీలు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. అలవాటు పడతారు, దుఃఖం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. ఇదివరకే డాక్టరు రాసిన మందులు వాడుతుంటే వాటిని ఆపకండి. వరుసగా చాలా రాత్రులు కునుకు లేకపోతే డాక్టరును కలవండి.

"ఏడ్వకు, గుండె గట్టి చేస్కో" అంటున్నరు. ఎక్కువ ఏడిస్తే పానం ఖరాబైతదా?

కాదు. పరకాల దగ్గర మా ఊళ్లో నా చిన్నప్పుడు ఎవరన్నా పోతే ఆడవాళ్లు ఒకరి మెడ మీద ఒకరు చేతులు వేసుకుని శోకం పెట్టి ఏడ్చేవాళ్లు. మా నానమ్మ శోకంలో ఆ మనిషి బతుకంతా వచ్చేది. ఏ చేనుకు రాత్రిపూట నీళ్లు కట్టాడు, ఏ బిడ్డ పెళ్లికి ఎన్నిండ్లు తిరిగాడు, ఏ కూర చేస్తే ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాడు, అన్నీ రాగంలో. మధ్యలో ఆగి ముక్కు తుడుచుకుని, పక్కనామెను "నీకు యాదికున్నదా వదినా" అని అడిగేది. ఆ వదిన అందుకునేది. పోగొట్టుకున్నది ఏంటో పేరు పెట్టి, పదిమంది వినేట్టు చెప్పుకోవడం అది. నేను తర్వాత చదువుకున్న దుఃఖ చికిత్సకూ దానికీ పెద్ద తేడా కనబడలేదు నాకు.

ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో గొంతు లేస్తే పక్కింటివాళ్లకు ఇబ్బందని చీర కొంగు నోట్లో కుక్కుకుంటున్నారు. "ఏడ్వకు" అనేవాళ్లది ప్రేమే. మీ ఏడుపు వాళ్లు చూడలేక అంటారు. వాళ్ల కోసం మీరు ఆపుకోనక్కర్లేదు. తిండి, నీళ్లు, రోజూ వేసుకునే బీపీ, షుగర్ గోలీలు మాత్రం తప్పొద్దు. గంటకోసారి గ్లాసు అందించే మనిషిని ఒకరిని పక్కన పెట్టుకోండి.

జరిగింది మొత్తం ఒక్కపారి చెప్పిస్తే బరువు దిగుతదంటరు. చెప్పియ్యాల్నా?

బలవంతంగా వద్దు. ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్లను కూర్చోబెట్టి వెంటనే అంతా చెప్పించే పద్ధతి ఒకప్పుడు ఉండేది. దాని వల్ల మేలు జరగడం లేదని తేలాక ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దంటోంది. మొదట కావాల్సింది పొడి బట్టలు, వేడి అన్నం, ఇంటివాళ్లు ఎక్కడున్నారన్న కబురు. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి.

## దినాలు అయిపోయాక

భయం వేరు, దుఃఖం వేరా? నాకు రెండూ కలిసిపోయినయ్.

వేరే. 2023 జూలై 27 తెల్లవారుజామున మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగింది. మనుషులు మేడలెక్కి పానాలు కాపాడుకున్నారు. అలాంటి వరద చూసినవాళ్లకు ముందు మిగిలేది భయం. మబ్బు పడితే కాళ్లు వణుకుతాయి, రాత్రి లేచి వాకిట్లోకి వచ్చి నీళ్లున్నాయేమో చూస్తారు.

వరదలో ఇల్లు పోయిన ఒకామె నా దగ్గరికి నెలల తరబడి వచ్చింది. వాన భయం తగ్గింది, నిద్ర పట్టింది. నయమైందని ఇంట్లోవాళ్లు సంతోషపడ్డారు. సరిగ్గా అప్పుడే ఏడుపు మొదలైంది. ఒక ఇనుప సందూగ కోసం. అందులో వాళ్లమ్మ చీర ఒకటి ఉండేది, అమ్మ పోయినా ఆ చీరకు పసుపు వాసన పోలేదట. మళ్లీ మొదటికొచ్చిందని భర్త కంగారుపడి తీసుకొచ్చాడు. నేను అతనికి చెప్పింది ఒకటే: మొదటికి రాలేదు, ముందుకు పోతోంది. తరుముతున్నంతసేపు మనిషి పరిగెత్తుతాడు. ఆగిన తర్వాతే చేతిలోంచి ఏం జారిపోయిందో చూసుకుంటాడు.

అమెరికా మానసిక వైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో గాయం నుంచి కోలుకోవడాన్ని మూడు మెట్లుగా చెప్పారు. ముందు భద్రత. తర్వాత జరిగింది గుర్తు చేసుకుని దుఃఖపడటం. ఆ తర్వాత మళ్లీ నలుగురిలో కలవడం. మన ఇళ్లలో చాలామంది మొదటి మెట్టు నుంచి ఎకాఎకి మూడో మెట్టుకు దూకమంటారు: "బతికి బట్టకట్టినవ్ కదా, ఇగ పనిచూసుకో." మధ్య మెట్టు దాటేసినవాళ్లే నాలుగైదేళ్లకు తలనొప్పి అనో, కోపం అనో, ఏదీ పట్టనట్టుందనో వస్తారు.

దుఃఖంలో ఐదు దశలుంటయట కదా. నేను ఏ దశలో ఉన్న?

ఆ లెక్క పెట్టుకోవద్దు. ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో ఆ ఐదు దశలు చెప్పింది చావు దగ్గరపడ్డ రోగులను చూసి. ఆప్తులను పోగొట్టుకున్నవాళ్లకు దాన్ని తర్వాత అన్వయించారు. అందరూ ఆ వరుసలో నడవరు. నాకు నచ్చేది నెదర్లాండ్స్ పరిశోధకులు స్ట్రోబె, షూట్ 1999లో చెప్పిన తీరు: దుఃఖంలో ఉన్న మనిషి రెండు వైపులా ఊగుతాడు. ఒక గంట పోయినవాళ్ల కోసం ఏడుపు, ఇంకో గంట కరెంటు బిల్లు, పత్తికి మందు, పిల్లల ఫీజు. రెండూ కావాలి. పొద్దున ఏడ్చి మధ్యాహ్నం నాటుకు పోయినందుకు తప్పుపట్టేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

అప్పులయినయని మా ఆయన మందు తాగి పానం తీసుకున్నడు. నాకు ఆయన మీదనే కోపం. పాపం తగులుతదా?

తగలదు. కోపం, జాలి, ప్రేమ ఒకే గుండెలో ఉంటాయి. ఆయన బాధ నిజం, మిమ్మల్ని నడిమధ్యలో వదిలిపోయాడన్నదీ నిజం. పత్తి చేన్ల మధ్య ఇలా మిగిలిపోయిన ఆడవాళ్లకు దుఃఖపడే తీరిక కూడా ఉండదు. రైతు ఆత్మహత్యలను విచారించే త్రిసభ్య కమిటీ ముందు, బ్యాంకులో, రైతుబీమా కాగితాల దగ్గర అడిగినప్పుడల్లా ఆ చావును మొదటి నుంచి చెప్పాలి. చెప్పిన ప్రతిసారీ గాయం లేస్తుంది. ఒక పని చేయండి: జరిగింది ఒక కాగితం మీద రాయించుకుని జిరాక్సులు తీసి పెట్టుకోండి. అడిగినవాళ్లకు ఆ కాగితం ఇవ్వండి, పక్కన అన్ననో మరిదినో మాట్లాడమనండి.

"ఆ రోజు నేను బాయి కాడికి పోకుంటే బతికేటోడు" అన్న ఆలోచన దాదాపు అందరికీ వస్తుంది. ఆ రోజు మీకు తెలిసినంతలో మీరు చేశారు. మీకే చచ్చిపోవాలనిపిస్తే ఆ మాట దాచొద్దు. 14416, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ నంబరుకు ఏ వేళప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ఇంట్లో పురుగుల మందు డబ్బాలుంటే ఈ రోజే బయటికి పంపించేయండి.

దుబాయిల పోయిండు. పెట్టె వచ్చింది కానీ మొఖం సరిగ చూడనియ్యలే. ఇంకా నమ్మబుద్ధైతలేదు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో ఈ మాట ఎన్ని ఇళ్లలో విన్నానో. అక్కడ కాగితాలు అయ్యేసరికి రోజులు, వారాలు. శంషాబాద్‌లో పెట్టె దించుకుని అంబులెన్స్ ఊరికి చేరేసరికి అర్ధరాత్రి. వాసన వస్తుందని, తొందరగా కానివ్వాలని పెద్దలు పెట్టె తెరవనివ్వరు. 2021లో కరోనాతో పోయినవాళ్ల ఇళ్లలోనూ ఇదే జరిగింది. ఆఖరి చూపు లేకపోతే మనసు తలుపు దగ్గరే నిలబడి ఉంటుంది.

ఆ చూపును ఇప్పుడు తేలేం. చేయగలిగింది ఉంది. పెట్టెతోపాటు వచ్చిన బ్యాగు ఎవరో సర్దేసి ఉంటే, దాన్ని మీరే ఇంకోసారి తెరవండి. ఆయన గదిలో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేసి చివరి రోజు ఏం తిన్నాడు, ఏం మాట్లాడాడు అడగండి. తెలుసుకోవడం భయంగా ఉంటుంది, కానీ తెలియనిదాన్ని మనసు అంతకంటే ఘోరంగా ఊహించుకుంటుంది. అప్పుడు హడావుడిగా చేసిన కార్యం మనసుకు సరిపోలేదనిపిస్తే మాసికానికో, సంవత్సరీకానికో, పెత్రమాసకో (పితృ అమావాస్యకో) నిదానంగా, అందరినీ పిలిచి చేసుకోండి.

గోదాట్ల కొట్టుకపోయిండు, మనిషి దొరకలే. దినాలు చెయ్యాల్నా వద్దా?

చేయమని గానీ వద్దని గానీ మిమ్మల్ని తొందరపెట్టే హక్కు ఎవరికీ లేదు. పోలిన్ బాస్ అనే పరిశోధకురాలు దీనికి అస్పష్టమైన నష్టం అని పేరు పెట్టారు. మనిషి లేడు, పోయాడనీ లేదు. ఒకే ఇంట్లో తల్లి "వస్తడు" అంటుంది, తండ్రి బొట్టు తీయించమంటాడు, ఆ మధ్యలో కోడలు నలిగిపోతుంది. ఇద్దరినీ ఒక్కమాట మీదికి తేవాలని చూడకండి. కనబడకుండా పోయిన మనిషిని ఏడేళ్ల తర్వాత చనిపోయినట్టు చట్టం భావిస్తుంది. మనసుకు ఆ గడువు పనిచేయదు. కొన్ని ఇళ్లలో దినాలు చేయకుండా ఏటా అదే రోజు గోదావరి ఒడ్డుకు వెళ్లి దీపం వదిలి వస్తారు. అది కూడా దుఃఖపడటమే.

## నెలలు గడిచాక

ఏడాది దాటింది. ఇంకా తేరుకోలే. ఎప్పుడు జబ్బు అనుకోవాలె?

గుర్తొచ్చి ఏడవడం ఎన్నేళ్లయినా జబ్బు కాదు. చూడాల్సింది వేరే. దాదాపు రోజూ, రోజంతా అదే ఆరాటం ఉందా? మీలో సగం చచ్చిపోయినట్టుందా? వంట, పని, పిల్లలు అన్నీ ఆగిపోయాయా? అలా ఉంటే దీర్ఘకాల దుఃఖ సమస్య అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త జబ్బుల జాబితాలో దానికి కనీసం 6 నెలల గడువు, 2022 నాటి అమెరికా జాబితాలో పెద్దలకు 12 నెలలు. ఆ జాబితాలే ఒక మాట కూడా చెబుతాయి: ఆ మనిషి కులాచారం, మతాచారం ప్రకారం ఉండే దుఃఖాన్ని దీంతో కలపొద్దని. మన దగ్గర ఏడాది పట్టడం రివాజే.

డాక్టర్ దగ్గరికంటే ఎక్కడికి? పిచ్చి డాక్టర్ కాడికి పోయిన్రని పేరు పడదా?

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మిగతా జిల్లాల్లో ప్రభుత్వ జిల్లా ఆసుపత్రిలో అడగండి. భయం వదలనివాళ్లు ట్రామా కోసం చేసే సీబీటీ (ఆలోచనల మీద పనిచేసే మాటల చికిత్స) గానీ ఈఎండీఆర్ (కళ్లు కదిలిస్తూ జరిగింది గుర్తు చేసుకునే చికిత్స) గానీ తెలిసినవాళ్లు ఉన్నారా అని పేరు పెట్టి అడగండి. ఊళ్లోవాళ్లకు చెప్పనక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు గుట్టుగా ఉంచడం వాళ్ల బాధ్యత.

ఈ ఏడు బతుకమ్మ ఆడొచ్చా? బిడ్డ పోయి ఎనిమిది నెలలే అయింది.

చావు జరిగిన ఏడాది కొన్ని ఇళ్లలో పేర్చరు, కొన్ని ఇళ్లలో పేరుస్తారు. మీ ఇంటి పద్ధతి మీరు చూసుకోండి. నేను చెప్పగలిగింది ఒకటుంది. పెత్రమాస నాడు పొద్దున పోయినవాళ్ల పేరు మీద బియ్యం, కూరగాయలు ఇస్తాం. అదే రోజు సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఎత్తుకుని వేయిస్తంభాల గుడికి వెళ్తాం. పొద్దున ఏడ్చిన కళ్లతోనే సాయంత్రం తంగేడు పూలు పేర్చడం మన దగ్గర ముందునుంచీ ఉంది.

ఒకామె ఆ ఏడు ఆడలేదు. వాకిట్లో కూర్చుని గునుగు పూలకు రంగులు అద్ది పక్కింటి పిల్లలకు ఇచ్చింది. రెండో ఏడు గుడి దాకా వచ్చి గట్టు మీద కూర్చుంది. మూడో ఏడు చప్పట్లు కొట్టింది. ఎవరూ చెయ్యి పట్టి లాగలేదు, అదృష్టం.

## పక్కనున్నవాళ్లకు

పిల్లగానికి "నాయిన ఊరికి పోయిండు" అని చెప్పినం. రోజూ అడుగుతుండు. ఏం చెయ్యాలె?

నిజం చెప్పండి, చిన్న మాటల్లో. "నాయిన చనిపోయిండు. అంటే ఇక రాడు. ఆయన ఒంటికి నొప్పి లేదు." ఊరికి పోయాడంటే నన్ను వదిలిపోయాడని పిల్లలు లోపల కుములుతారు. నిద్రపోయాడంటే పడుకోవడానికి భయపడతారు. ఐదేళ్ల లోపు పిల్లలకు చావు తిరిగిరానిదని అర్థం కాదు, అదే ప్రశ్న వందసార్లు అడుగుతారు. వందసార్లూ అదే జవాబు చెప్పండి. "నేను అల్లరి చేసినందుకే పోయిండా?" అని అడగకపోయినా, నీవల్ల కాదని మీరే ముందు చెప్పండి.

పరామర్శకు పోతే ఏం మాట్లాడాలె?

తక్కువ. పోయిన మనిషి పేరు పలకండి, మీకు గుర్తున్నది ఒకటి చెప్పండి. "దేవుడు అట్లనే రాసిండు", "ఇంకో బిడ్డ ఉన్నది కదా" వద్దు. మొదటి రోజు వందమంది వస్తారు. పన్నెండో రోజు ఒక టిఫిన్‌లో పప్పన్నం తీసుకుని మీరు వెళ్లండి.

## చాలా ఏళ్లకు

నాకు ఎవరూ చావలే. చిన్నప్పుడు ఇంట్ల బాగ కొట్టేటోళ్లు. ఇప్పుడు ఎందుకు ఏడుపొస్తుంది?

చావు లేకున్నా పోగొట్టుకున్నది ఉంది. భయం లేకుండా బడి నుంచి ఇంటికి రావడం, తప్పు చేసినా దగ్గరికి తీసుకునే నాన్న, మీకు రావాల్సి రానివి. చాలామందికి ఇది సొంత పిల్లలు ఆ వయసుకు వచ్చినప్పుడు లేస్తుంది. బిడ్డ గ్లాసు పగలగొట్టి మీ మొహంలోకి మామూలుగా చూస్తుంది, భయం లేకుండా. ఆ వయసులో మీరెలా చూసేవారో అప్పుడు గుర్తొస్తుంది. ఏళ్లుగా "నేనే చెడ్డదాన్నేమో" అనుకున్న మనిషి "నాకు అన్యాయం జరిగింది" అని ఏడవడం మొదలుపెడితే, గాయం మానడంలో అది చాలా పెద్ద మలుపు. కొట్టినవాళ్లను క్షమిస్తేనే నయమవుతుందని ఎవరన్నా చెబితే వినకండి. క్షమించడం మీ ఇష్టం. ఏడవడానికి దాని అనుమతి అక్కర్లేదు.

గనిల కాలు పోయింది. "బతికినవ్ కదా, సాలు" అంటరు. నా బాధ బాధ కాదా?

బాధే. నలుగురూ గుర్తించని దుఃఖానికి కెన్నెత్ డోకా అనే ఆచార్యుడు 1989లో ఒక పేరే పెట్టాడు, హక్కు దక్కని దుఃఖం అని. కాలుతోపాటు షిఫ్టు పోయింది, జట్టు పోయింది, మోటార్ సైకిల్ మీద బిడ్డను బడికి దించే పొద్దు పోయింది. గర్భం నిలవనివాళ్లు, సంబంధం తెగినవాళ్లు, ఊరు వదిలినవాళ్లు కూడా ఇదే మోస్తుంటారు. పోయినవాటిని ఒక్కొక్కటిగా పేరు పెట్టి చెప్పుకోండి, వినే మనిషి ఒక్కరున్నా చాలు.

ఆయన చెప్పులు ఇంకా గడప కాడనే ఉన్నయి. తీసెయ్యాల్నా?

మీకు తీయాలనిపించిన రోజు తీయండి. మా తమ్ముడు కరీంనగర్ రోడ్డు మీద ప్రమాదంలో పోయాడు. వాడి చెప్పులు వాకిట్లో ఉండిపోయాయి. అమ్మ రోజూ పొద్దున ఊడ్చేటప్పుడు వాటిని పక్కకు జరిపి, కింద ఊడ్చి, మళ్లీ అక్కడే, కాలివేళ్లు వీధి వైపు ఉండేట్టు పెట్టేది. చుట్టాలు వచ్చి చూసి తీసేయమనేవాళ్లు. నేనూ ఒకసారి అన్నాను, అప్పటికి నాకింకా తెలియదు. రెండేళ్లు దాటాక ఒక పెత్రమాస నాడు, బియ్యం ఇచ్చి వచ్చిన తర్వాత, పాలు పోసే పిల్లగాడిని ఆపి "నీకు ఎన్నో నంబరు పడతది బిడ్డా" అని అడిగింది. వాడికి కొంచెం పెద్దవయ్యాయి. అయినా వేసుకుపోయాడు.